జ్వరం దిగితేనే పంపుతామన్నాం

ఉద్యోగం మానేశాక నన్ను ఒక సభకు పిలిచి, శాలువా కప్పి, వేల ఆపరేషన్లు చేసిన చెయ్యి అని పొగిడారు. పొగిడినవాళ్లలో ఒక్కరైనా ఎన్ని తప్పులు చేశావని అడిగితే బాగుండేది. ఎవరూ అడగలేదు కనక నేనే రాస్తున్నాను. కొత్తగా సర్జరీలోకి వస్తున్నవాళ్లు చదివితే చాలు. శాలువా కప్పినవాళ్లు చదవకపోయినా నాకేం బాధ లేదు.

ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం వెళ్లే దారిలో ముప్పై పడకల నర్సింగ్ హోం ఒకటి ఉండేది. నా వృత్తి జీవితంలో సగానికి పైగా అక్కడే గడిచింది. మాకు వచ్చే పేషెంట్లలో ఎక్కువమంది నాచారం ఫ్యాక్టరీల కార్మికులు. మిగిలినవాళ్లు మల్కాజిగిరి రైల్వే కుటుంబాలు, ఉప్పల్ చుట్టుపక్కల చిన్న వ్యాపారస్థులు. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. మొదటి ఆరు నెలలు పేషెంట్లు చెప్పేది నాకు సగం అర్థమయ్యేది, నేను చెప్పేది వాళ్లకు పావు వంతు అర్థమయ్యేది. "కడుపుల సలుపుతుంది సారు" అంటే నొప్పి ఎలాంటిదో నేర్చుకోవడానికి నాకు వైద్య కళాశాల పనికిరాలేదు, వార్డులో ఆయాలు పనికొచ్చారు.

ఇక్కడ ఒక్క విషయమే రాస్తాను. పైత్యనాళంలో రాయి పడితే దాన్ని ఎలా తీయాలో మీకు ఎవరైనా నేర్పుతారు. ఎప్పుడు తీయాలనేది నాకు ఇద్దరు నేర్పారు. ఒకాయన తప్పు నేర్పారు. ఆ తప్పు దిద్దినావిడకు చదువు రాదు.

చల్లార్చడం

డాక్టర్లు కానివాళ్ల కోసం రెండు మాటలు. కాలేయం కింద చిన్న సంచి ఉంటుంది, అదే గాల్ బ్లాడర్. అందులో రాళ్లు ఊరికే పడి ఉన్నంతకాలం అప్పుడప్పుడూ నొప్పి వచ్చిపోతుంది, దానికి తొందరేమీ లేదు. ఒక రాయి జారి, కాలేయం నుంచి పేగులోకి పైత్యరసం తీసుకెళ్లే నాళంలో ఇరుక్కుంటే అసలు గొడవ మొదలవుతుంది. రసం ఆగిపోయి కళ్లు పచ్చబడతాయి. ఆగిన రసంలో చీము పడితే చలితో జ్వరం వస్తుంది. ఆ చీము రక్తంలోకి ఎక్కితే మనిషి రెండు మూడు రోజుల్లో పోవచ్చు.

నేను పనిలో చేరిన కొత్తలో దానికి పొట్ట కోసి నాళం తెరవడం ఒక్కటే దారి. ఎనభైల చివరికి నగరంలో కొత్త పద్ధతి వచ్చింది. నోట్లోంచి ఎండోస్కోపు దింపి, నాళం పేగులోకి తెరుచుకునే చోట చిన్న గాటు పెట్టి, తీగబుట్టతో రాయిని లాగేస్తారు. పొట్ట మీద గీత కూడా పడదు. మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. సికింద్రాబాదు వైపు ఒక పెద్ద ఆసుపత్రిలో నా వయసు డాక్టరొకాయన అది చేసేవాడు. బయటి ఆసుపత్రుల కేసులకు ఆయన గురువారం ఇచ్చాడు. మేము గురువారం పొద్దున పేషెంటును కారులో పంపేవాళ్లం, రాయి తీయించుకుని శుక్రవారానికి మా దగ్గరికి తిరిగొచ్చేవారు. ఆ తర్వాత తీరిగ్గా గాల్ బ్లాడర్ ఆపరేషన్ మేము చేసేవాళ్లం.

ఎవరిని పంపాలో, ఎప్పుడు పంపాలో నిర్ణయించేది మా పెద్ద డాక్టరుగారు. నర్సింగ్ హోం ఆయనదే. అంత శుభ్రంగా కోసే చెయ్యి నేను మళ్లీ చూడలేదు. కోపం ఎక్కువ, గ్లవ్స్ తొడుక్కుంటే మాత్రం దేవుడి గదిలో ఉన్నట్టు ఉండేవారు. ఆయనకు ఒక నియమం ఉండేది. కామెర్లతో జ్వరం ఉన్న పేషెంటును కదపకూడదు. ముందు సెలైన్లు, ఇంజెక్షన్లు పెట్టి చల్లార్చాలి. జ్వరం దిగాకే పంపాలి. జ్వరం ఉంటే ఆ గురువారం రద్దు, వచ్చే గురువారం చూద్దాం.

ఆయన మూర్ఖంగా పెట్టుకున్న నియమం కాదది. ఆయన కుర్రతనంలో జ్వరంతో ఉన్నవాళ్ల పొట్ట కోసి నాళం తెరిస్తే బల్లమీదే పోయేవారు. అలా పోయినవాళ్ల పేర్లు ఆయనకు గుర్తుండేవి. కోతకు పెట్టుకున్న ఆ నియమాన్నే ఎండోస్కోపుకీ తగిలించారు. నేను అడగలేదు. పెద్దాయన చెప్పారు కదా అని తల ఊపాను. ఏళ్ల తరబడి ఊపాను.

పోచయ్య

పోచయ్య నాచారంలో ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నలభై దాటలేదు. కళ్లు పచ్చబడి, కుడి డొక్కలో నొప్పితో సోమవారం చేరాడు. గురువారానికి పేరు రాయించాము. బుధవారం సాయంత్రం చలి వణుకు వచ్చి జ్వరం నూట మూడుకు ఎక్కింది. పెద్ద డాక్టరుగారు చార్టు చూసి పెన్నుతో గురువారం కొట్టేశారు.

పోచయ్య భార్య బాలమణి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎందుకు పంపడం లేదని నన్ను అడిగింది. జ్వరం దిగాలమ్మా, దిగితేనే పంపుతాం అన్నాను. అంతకంటే వివరంగా చెప్పే ఓపిక ఆ రోజు నాకు లేదు, ఇంకా రెండు ఆపరేషన్లు ఉన్నాయి. ఆవిడ సరేనని తల ఊపి లోపలికి వెళ్లింది.

జ్వరం దిగలేదు. పోచయ్య శనివారం మధ్యాహ్నం పోయాడు. బాలమణికి చెప్పాల్సిన పని నా మీద పడింది. జ్వరం దిగకపోవడం వల్ల పంపలేకపోయామని చెప్పాను. అప్పట్లో అది నిజమనే నమ్మాను.

ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు. పెద్ద డాక్టరుగారు నెల తిరగకుండానే ఆమెకు కబురు పంపి వార్డులో ఆయా పని ఇచ్చారు. ఆయన మనసు అలాంటిది. బాలమణి పనిలో చేరిన రెండో వారానికే వార్డంతా ఆమె చేతిలోకి వచ్చింది. ఏ పేషెంటు తినలేదో, ఎవరి సూది వాచిందో సిస్టరు కంటే ముందు ఆమెకు తెలిసేది. కామెర్ల కేసు వస్తే మరీ దగ్గరుండి చూసుకునేది. పాపం, మొగుడు గుర్తొస్తాడేమో అనుకునేవాణ్ణి.

అండాలు

తొంభైల మొదట్లో ఒక మే నెల. అండాలు అనే ఆవిడ శుక్రవారం మా దగ్గర చేరింది. నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. పీర్జాదిగూడ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఫ్యాక్టరీలో ఆమెది కాంట్రాక్టు పని, రెండు వారాలు మించి రాకపోతే పేరు కొట్టేస్తారు. ఆమె మొదటి రోజే నన్ను అడిగింది రోగం గురించి కాదు, ఎన్ని రోజులు పడుతుందని.

స్కానింగులో నాళం కొసన రాయి స్పష్టంగా కనిపించింది. కళ్లు నిమ్మపండు రంగులో ఉన్నాయి. చేరినప్పుడు జ్వరం నూట ఒకటి. ఇంజెక్షన్లు మొదలుపెట్టాము. గురువారానికి పేరు రాయించి, ఆమెకు నా మామూలు పాట పాడాను: జ్వరం దిగితేనే పంపుతాం.

శనివారం జ్వరం దిగింది. ఆదివారం లేదు, సోమవారం లేదు. చార్టులో గీత తాడు కట్టి గీసినట్టు ఉంది. పెద్ద డాక్టరుగారు సోమవారం రౌండ్సులో ఆ చార్టు ఎత్తి చూపించి, చల్లార్చడం అంటే ఇదీ అన్నారు. ఈ రెండు మూడేళ్లలో మేము చల్లార్చి పంపిన కామెర్ల కేసులన్నీ బాగుపడి వచ్చాయని ఆయనకు గర్వం. నాకూ ఉండేది.

అదే చార్టులో జ్వరం గీత కింద నాడి అంకెలు కూడా ఉంటాయి. శనివారం నూట పది, ఆదివారం నూట పద్దెనిమిది, సోమవారం నూట ఇరవై నాలుగు. జ్వరం లేని మనిషి మంచం మీద పడుకుని ఉంటే నాడి అలా ఎందుకు పరిగెడుతుంది? నేను అడగలేదు. భయపడుతోందిలే అనుకున్నాను. ఆ కాగితం నా చేతుల్లో మూడు రోజులు ఉంది. ఇప్పటికీ అది తలుచుకుంటే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం

మంగళవారం ఆపరేషన్లు అయిపోయి ఇంటికి బయల్దేరాను. స్కూటరు తాళంచెవి వార్డులో సిస్టరు టేబులు మీద మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. పన్నెండున్నర అయింది. రౌండ్సు ఉండని వేళ, జ్వరం చూడని వేళ. సిస్టరు భోజనానికి వెళ్లింది.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వార్డులో ఫ్యాన్లు తిరుగుతుంటే వేడిగాలే వస్తోంది. ఆ వేడిలో అండాలు మంచం మీద మూడు దుప్పట్లు కప్పి ఉన్నాయి. దుప్పట్ల కింద మంచం కిరకిరలాడుతోంది. బాలమణి ఆ దుప్పట్ల మీద అడ్డంగా వంగి, రెండు చేతులతో అదిమి పట్టుకుని, "జరసేపు ఓర్సుకో చెల్లె, ఇప్పుడు తగ్గుతది" అంటోంది.

నేను దుప్పటి లాగాను. అండాలు పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. థర్మామీటరు నేనే పెట్టాను. నూట నాలుగు దాటింది. చార్టు తీశాను. ఆ పొద్దున ఆరింటికి తొంభై ఎనిమిదిన్నర. ముందు రోజు సాయంత్రం అదే. నేను థర్మామీటరు పాడైందేమోనని ఇంకొకటి తెచ్చి పెట్టాను. అదీ నూట నాలుగే చూపించింది.

తలగడ కింద గోళీల పట్టీలు కనిపించాయి. జ్వరం గోళీలు, సగానికి పైగా ఖాళీ. అవి మేము రాసినవి కావు. ఫ్యాక్టరీలో ఆమె రోజూ పట్టీల్లో సరిగ్గా పడ్డాయో లేదో చూసే గోళీలే అవి. తోటి ప్యాకింగు ఆవిడ కొనుక్కొచ్చి ఇచ్చిందట. జ్వరం చూసే వేళలకు గంట ముందు రెండేసి వేసుకుంటోందట. కాగే నూనెలో వేలు పెట్టినట్టు ఉలిక్కిపడ్డాను. కాలేయం ఉన్న పరిస్థితికి ఆ గోళీలు ఇంకో ప్రమాదం.

ఎందుకేసుకున్నావని అరిచాను. ఆమె మాట్లాడే స్థితిలో లేదు, మగతగా చూసింది. జవాబు బాలమణి చెప్పింది.

"నేనే ఏసుకొమ్మన్న సారు. జ్వరముంటే మీరు పంపరు కద."

నేను ఆ క్షణాన ఏమన్నానో గుర్తు లేదు. సిస్టరు పరిగెత్తుకొచ్చాక రక్తపోటు చూస్తే ఎనభై. పొద్దుటి నుంచి మూత్రం చారెడు కూడా రాలేదు.

గురువారం దాకా ఆగలేదు

పెద్ద డాక్టరుగారు ఇంట్లో భోజనం చేస్తున్నారు. ఫోన్ చేస్తే ఆయన మాట ముందే నాకు తెలుసు: సెలైన్లు పెంచు, మందు మార్చు, కదపకు. అందుకని ఆయనకు ఫోన్ చేయలేదు. నా వృత్తి జీవితంలో పెద్దాయన్ని అడగకుండా నేను చేసిన మొదటి పని అది. సికింద్రాబాదు డాక్టరుకు చేశాను. జ్వరం నూట నాలుగు, రక్తపోటు ఎనభై, గురువారం మీ లిస్టులో ఉంది, ఇవాళ కదపవచ్చా అని నసిగాను.

అవతల ఆయన గొంతు పెంచాడు.

"ఏం డాక్టరుగారూ, ఇలాంటి కేసుకు గురువారం ఏంటండీ? ఇలాంటిది ఉంటే ఆదివారమైనా తలుపు తీస్తానని మొదటి నుంచీ అందరికీ చెబుతున్నాను. చీము గడ్డ కట్టిందంటే ముందు గాటు పెట్టి వదిలేస్తాం కదా, ఇదీ అంతే. వెంటనే బయల్దేరండి."

కారు వెనక సీట్లో అండాలును పడుకోబెట్టి, సెలైన్ సీసా నేనే పట్టుకుని కూర్చున్నాను. ఆమె తల బాలమణి ఒళ్లో పెట్టుకుంది. కారు దిగమని చెప్పాలని నాకు తోచలేదు. హబ్సిగూడ దగ్గర లారీ అడ్డం తిరిగి ఆగిపోతే నేను జీవితంలో అనని మాటలు అన్నాను. బాలమణి మాత్రం తల ఎత్తకుండా అండాలు చెంపలు తడుతూ కూర్చుంది.

సికింద్రాబాదులో ఎండోస్కోపు గదిలోకి వెళ్లగానే ఎక్స్‌రే తగలకుండా నాకూ సీసం కోటు తొడిగారు. ఎండోస్కోపుకు పక్కన చూడ్డానికి రెండో కన్ను తగిలించి నా చేతికిచ్చాడు అక్కడి డాక్టరు. రాయి నాళం నోటికి వచ్చి బిరడాలా ఇరుక్కుని ఉంది. చిన్న గాటు పెట్టాడు. రాయి జారిన వెంటనే నాళంలోంచి పైత్యరసం రాలేదు. చీము వచ్చింది. చిక్కటి, తెల్లటి చీము, వస్తూనే ఉంది. ఈ చీమును లోపల పెట్టుకుని ఈవిడ గురువారం కోసం ఎదురుచూస్తోంది. మేమేమో గీత బాగుందని ఒకళ్లనొకళ్లు మెచ్చుకుంటున్నాం.

మొత్తం పని పాతిక నిమిషాల్లో అయిపోయింది. సాయంత్రానికి రక్తపోటు నూటికి చేరింది. మర్నాటికి మూత్రం వచ్చింది, జ్వరం గోళీ లేకుండానే దిగింది. మూడో రోజు అండాలు నన్ను చూసి మొదట అడిగింది తన పేరు ఫ్యాక్టరీలో కొట్టేశారా అని. సూపర్‌వైజరుకు నేనే ఫోన్ చేసి బతిమాలాను. ఆమె పేరు ఉంచాడు.

వార్డులో అందరికీ తెలిసిన సంగతి

తిరిగొచ్చాక బాలమణిని కూర్చోబెట్టి అడిగాను. ఎంతమందికి చెప్పావని. ఆమె దాచలేదు. కామెర్లవాళ్లకే చెప్పిందట, వేరేవాళ్లకు చెప్పలేదట. వచ్చినప్పటి నుంచి ఒక్కొక్కరికీ చెప్పిందట. జ్వరం ఉన్నవాళ్లకు గోళీ వేయించి, చలి వస్తే దుప్పటి కప్పి, సిస్టరు వచ్చేలోగా చెమట తుడిచి కూర్చోబెట్టేదట. వార్డులో పాత పేషెంట్లు కొత్తవాళ్లకు కూడా చెప్పుకునేవారట. ఆ సంగతి తెలియనిది మాకూ, సిస్టర్లకూ మాత్రమే.

"గట్ల పోయినోళ్లంత మంచిగనే వచ్చిన్రు సారు. ఒక్కళ్లకు గూడ ఏం గాలె. ఈమెకే గిట్లయింది" అంది.

అది విన్నాక నేను రికార్డు గదికి వెళ్లి ఆ కామెర్ల కేసు షీట్లన్నీ తీయించాను. మా గర్వం అంతా ఆ అట్టల్లోనే ఉంది. చల్లార్చి పంపాం, బాగయ్యారు. ఒక్కొక్కటే బాలమణి ముందు పెట్టి పేరు చదివాను. ఈయనకు వణుకు వచ్చింది సారు, ఈమెకు రాలె, ఈయనకు గురువారం పొద్దుగాల కారెక్కేటప్పుడు గూడ ఒళ్లు కాలింది సారు, అంటూ ఆమె చెప్పుకుంటూ పోయింది. సగానికి పైగా చల్లారినవాళ్లు కారు. కాలుతున్న ఒంటితోనే వెళ్లారు. రాయి తీయగానే బాగుపడ్డారు.

ఇది నాకు తలకెక్కడానికి కాసేపు పట్టింది. జ్వరంతో పంపితే చస్తారని మేము భయపడ్డ పనినే ఈ ఆయా మా వెనకనుంచి రెండేళ్లుగా చేయిస్తోంది. వాళ్లు బతికారు. గురువారం దగ్గరలో ఉంది కాబట్టి బతికారు. అండాలు శుక్రవారం చేరింది కాబట్టి చావు దాకా వెళ్లింది. తేడా అంతా రోజుల్లో ఉంది. నాకు సిగ్గేసింది, భయమేసింది. ఏది ఎక్కువో చెప్పలేను.

పెద్ద డాక్టరుగారికి అన్నీ చెప్పాను. తనను అడగకుండా పంపినందుకు ముందు నా మీద మండిపడ్డారు. తర్వాత బాలమణిని ఈ పూటే పంపించెయ్యమన్నారు. పేషెంట్లకు దొంగతనంగా మందులు వేయించడం నేరం అన్నారు. అది నిజమే, తప్పే. ఆయన ముందు షీట్లు పరిచి, ఆమె చెప్పిన గుర్తులు ఒక్కొక్కటే చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడిచారు. మళ్లీ పెట్టుకుని మొదటి నుంచి చూశారు. ఒక గంట పట్టింది. చివరికి లేచి, "నా రోజుల్లో అది నిజమేనయ్యా" అన్నారు. అంతకు మించి ఆయన ఒప్పుకోలేదు. బాలమణిని పంపించే మాట మళ్లీ ఎత్తలేదు.

కుర్ర డాక్టర్లకు ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఈ దెబ్బతో నేను అటు గట్టు నుంచి ఇటు గట్టుకు దూకాను. కొన్నాళ్లు రాయి అనుమానం ఉన్న ప్రతివాణ్ణీ అదే రోజు సికింద్రాబాదుకు తోలాను. మల్కాజిగిరి రైల్వే గుమాస్తా ఒకాయనకు జ్వరం లేదు, నొప్పి తగ్గిపోయింది, కామెర్లు దిగుతున్నాయి. అంటే రాయి తనంతట తానే జారిపోయిందన్నమాట. రెండు రోజులు ఆగి మళ్లీ స్కానింగు చేస్తే తెలిసేది. నేను ఆగలేదు. లోపల రాయే లేదు, ఆ పని వల్ల క్లోమం వాచి ఆయన మూడు వారాలు మంచం మీద ఉన్నాడు. ఎండోస్కోపు కూడా దెబ్బ తీస్తుంది. కామెర్లూ, చలిజ్వరమూ కలిసి ఉంటే ఆ రోజే పంపండి. నాడి పరిగెడుతున్నా, రక్తపోటు పడిపోతున్నా, మనిషి మగతగా ఉన్నా గంటలు లెక్కపెట్టండి. ఇవేవీ లేకపోతే కాస్త ఆగి చూడండి. జ్వరం చార్టు ఒక్కదాన్ని చూసి ఎప్పుడూ నిర్ణయించకండి. ముఖ్యంగా, పేషెంటుకు షరతులు పెట్టకండి. షరతు పెడితే వాళ్లు దాన్ని తీర్చడానికే చూస్తారు, రోగం మీ కంటపడకుండా పోతుంది.

బాలమణి అడిగింది

అండాలు ఇంటికి వెళ్లిన వారానికి మేము కొత్త నియమం రాసి సిస్టరు టేబులు పైన గోడకు అంటించాము. కామెర్లతో జ్వరం వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి, అదే రోజు పంపాలి. కింద పెద్ద డాక్టరుగారి సంతకం. వార్డులో పనిచేసేవాళ్లందరినీ పిలిచి నేనే చదివి వినిపించాను. జ్వరం ఉందంటే ఆగకూడదు, అదే తొందరపడాల్సిన గుర్తు అని రెండుసార్లు చెప్పాను. అందరూ వెళ్లిపోయారు. బాలమణి చేతిలో చీపురుతో అక్కడే నిలబడింది.

"జ్వరముంటెనే తొందరగ పంపాల్నంటున్నరు గద సారు."

అవునన్నాను.

"మరి మా ఆయనను గూడ ఆ బుధవారమే పంపిస్తే బతుకుతుండెనా?"

ఈ ప్రశ్న వస్తుందని నేను ఎందుకు అనుకోలేదో నాకు అర్థం కాదు. వారం రోజులు అండాలు గురించి ఆలోచించాను, షీట్ల గురించి ఆలోచించాను, పెద్దాయన కోపం గురించి ఆలోచించాను. పోచయ్య షీటు కూడా ఆ అట్టల్లోనే ఉంది, పేరు చదవకుండా ఆమె కళ్ల ముందే పక్కకు పెట్టాను. చెప్పడానికి మామూలు మాటలు చాలా ఉన్నాయి. ఎవరి రాత ఎవరికి తెలుసు అనవచ్చు. అప్పట్లో ఆ పద్ధతి కొత్తది అనవచ్చు. ఆమె నా మొహం కేసే చూస్తోంది.

"బతికేవాడేమో బాలమణీ. పంపాల్సింది. పంపకపోవడం మా తప్పు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె చీపురు గోడకు ఆనించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"జ్వరం దిగితేనే పంపుతమని మీరు చెప్పినంక మూడు దినాలు తడిబట్ట ఏసుకుంటనే కూసున్న సారు. కన్ను మూయలె. నాతోని దిగలె. నాతోని కాలేదు, అందుకే పోయిండని అనుకుంటున్న ఇన్ని ఏండ్ల సంది."

ఆమె చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టింది.